ఓనరమ్మగారి మొక్కకి మేం చేసిన వైద్యం

తెలివి కొందరికి పుట్టుకతో వస్తుంది, కొందరికి చదువుతో వస్తుంది. నాకు ఈ రెండు దారుల్లోనూ రాలేదు. అయినా మా ఇంట్లో తెలివికి లోటు లేదు, ఎందుకంటే మాది ఉమ్మడి తెలివి. ఉండేది నలుగురం. నేను వీర్రాజుని. మా ఆవిడ మంగతాయారు. ఆవిడ తమ్ముడు గవర్రాజు. మా మేనత్త అచ్చియ్యమ్మ. నలుగురిలోకీ తెలివితక్కువవాణ్ణి నేనేనని మిగతా ముగ్గురూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు కాబట్టి ఇంటిపెద్దగా నన్ను పెట్టారు. తెలివైనవాళ్ళకి వేరే పనులుంటాయి కదా.

మా తాత కోర్టులో బంట్రోతు. జడ్జీగారు ఏం చెబితే అది, చెప్పినట్టు, చెప్పినంతే చేసేవాడు. ఓసారి జడ్జీగారు విసుగెత్తి, "ఆ తలుపు దగ్గర నిలబడు, నేను చెప్పేదాకా కదలకు" అన్నారట. ఆ సాయంత్రమే ఆయనకి బదిలీ అయింది. అంతే. మా తాత ఆ తలుపు దగ్గరే రిటైరయ్యాడు.

అదీ మా వంశం. మాట జవదాటం. ఈ దేశంలో చెప్పింది చేసేవాళ్ళు తక్కువ, చెప్పిందే చేసేవాళ్ళు మరీ తక్కువ. మేం ఆ రెండో రకం. ఆలోచించడం మా పని కాదు. దానికి వేరే మనుషులున్నారు, వాళ్ళు కూడా ఆలోచిస్తున్నట్టు ఎక్కడా దాఖలాలు లేవు.

ఇంత క్రమశిక్షణ ఉన్నా మాకు అద్దె ఇల్లు మాత్రం నిలవదు. కారణం దేవుడికే తెలియాలి. పిఠాపురంలో ఓనరు తాళం చేతికిస్తూ "మీ సొంత ఇల్లే అనుకోండి" అన్నాడు. అనుకున్నాం. మనస్ఫూర్తిగా అనుకున్నాం. ఆ వేసవిలో వీధి గది తలుపులు అమ్మేశాం. సొంతింటి తలుపులు అమ్ముకుంటే ఊళ్ళోవాళ్ళకేం నొప్పి? కాని వచ్చింది. పెద్దాపురంలో ఓనరావిడ "మా కుక్కని చూసి భయపడకండి" అంది. మేం భయపడలేదు. అది కరిచింది. అయినా భయపడలేదు. అది కరుస్తూనే ఉంది, మేం కూర్చునే ఉన్నాం. చివరికి ఆవిడే భయపడి ఖాళీ చేయించింది.

అలా ఊరూరా తిరిగి సామర్లకోట చేరాం. కింది వాటా మాది, మేడ మీద ఓనరమ్మ రాజ్యలక్ష్మమ్మగారు. మూట విప్పుతూనే మా ఆవిడ ఓ మాట చెప్పేసింది.

"ఏవండీ, ఇంకోసారి ఈ గిన్నెలు మూటగట్టాల్సొస్తే, ఆ మూట మా పుట్టింట్లోనే విప్పుతాను. మా తమ్ముణ్ణి కూడా తీసుకుపోతాను."

ఆవిడా మా వంశంలోకి వచ్చిన మనిషే. అన్నదంటే చేస్తుంది. ఆవిడ వెళ్తే అన్నం పోతుంది, గవర్రాజు వెళ్తే ఇంట్లో ఉన్న మేధావి పోతాడు. కాబట్టి ఈ ఇల్లు నిలబెట్టుకోవాలని నేను గట్టిగా నిశ్చయించుకున్నాను. నిశ్చయించుకోవడం వరకూ నాకు బాగానే వస్తుంది.

ఓరోజు రాజ్యలక్ష్మమ్మగారు పింగాణీ కుండీ ఒకటి పొట్టకి ఆనించుకుని మెట్లు దిగొచ్చారు. అందులో ఒక మొక్క. ఆకులు ఒక్కోటీ అరచేయంత, నిగనిగలాడుతున్నాయి. దాన్ని మా ముందుగదిలో కిటికీ పక్కన దింపారు.

"ఏవయ్యా వీర్రాజూ, దీన్ని ఆంథూరియం అంటారు. ఇంట్లోనే పెరుగుతుంది, ఇంట్లోనే పూస్తుంది. మా అమ్మాయికి పురుడు, భిలాయి వెళ్తున్నాను. ఇక్కణ్ణించి కదపకండి. కన్నబిడ్డలా చూసుకోండి. నేను తిరిగొచ్చేసరికి ఈ కుండీలో పువ్వుండాలి. పువ్వుంటే మీరు ఈ ఇంట్లో ఉంటారు. లేదంటే ఈ వాటాలోకి మా తమ్ముడి కొడుకు దిగుతాడు. వాడు అప్పుడే మంచాలు కూడా కొనేసుకున్నాడు."

"పువ్వు ఎలా ఉంటుందండీ?" అని అడిగింది మంగతాయారు.

"పూశాక మీరే చూస్తారుగా!" అని ఆవిడ ఆటో ఎక్కేశారు. లోకంలో సగం అనర్థాలు ఇలా ఆటో ఎక్కే తొందరలోనే జరుగుతాయి.

మేం నలుగురం కుండీ చుట్టూ కూర్చున్నాం.

"కన్నబిడ్డలా అంది. విన్నారుగా?" అన్నాను.

"వినకేం?" అంది అచ్చియ్యమ్మత్త. "బిడ్డల సంగతి నాకొదిలెయ్యండిరా. ఇంతమందిని పెంచిన చేతులు."

"వీర్రాజుని పెంచిన చేతులివే" అని ఎవరైనా అంటే నేను తల దించుకుంటాను గాని, అత్తకి మాత్రం ఆ చేతులంటే గర్వం.

అంతే. మర్నాడు పొద్దున్నే మొక్కకి ఆముదం రాసింది. శెనగపిండిలో దండిగా పసుపు కలిపి కింది ఆకులకి నలుగు పెట్టింది. గోరువెచ్చటి నీళ్ళు పోసింది. నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన బుట్ట బోర్లించి, మధ్య ఆకుల్ని ఒక్కొక్కటే వంచి పొగ పట్టింది. అప్పుడే విచ్చుకుంటున్న లేతాకు ఒకటుంటే, "ఇది మరీ చంటిది" అని దానికి పౌడరు అద్దింది. కాడకి నల్లతాడు కట్టింది. జోల కూడా పాడింది. మొక్క పడుకుందో లేదో గాని గవర్రాజు పడుకున్నాడు.

లేచి చూసి గవర్రాజు కేక పెట్టాడు.

"బావా! కింది ఆకులు పసుప్పచ్చగా అయిపోయాయి!"

పరిగెత్తాం. నిజమే. కింది ఆకులన్నీ పసుప్పచ్చగా ఉన్నాయి.

"కామెర్లు!" అని గుండె మీద చెయ్యేసుకుంది అత్త. "ఇందాక నేను పసుపు రాసేటప్పుడు కూడా బాగానే ఉందిరా! ఇంతలోకే ఏమొచ్చిందో!"

"మీ దిష్టే తగిలుంటుంది అత్తయ్యగారూ" అంది మా ఆవిడ.

"నా దిష్టెందుకు తగులుతుందే? రెండు కళ్ళకీ శుక్లాలు. చూపే లేకపోతే దిష్టెక్కడిది?"

మాటకి మాట పెరిగేలోపు గవర్రాజు బుర్ర పనిచేసింది. స్టేషను రోడ్డులో ఎరువులూ పురుగుమందులూ అమ్మే కొట్టు ఉంది. దాని యజమాని సోమేశ్వర్రావుగారు. గుమ్మం మీద బోర్డు: "మొక్కల డాక్టరు. ఆకు చూసి రోగం చెప్పబడును."

"ఆకు చూసి చెబుతాట్ట. అయితే ఆకు కావాలి" అన్నాడు గవర్రాజు. ఇంకేముంది, కింది ఆకు ఒకటి పుటుక్కున తెంపి, అరిటాకులో చుట్టి పట్టుకెళ్ళాం.

సోమేశ్వర్రావుగారు గొప్ప డాక్టరు. ఎంత గొప్పంటే, కళ్ళద్దాలు ఎప్పుడూ నెత్తి మీదే ఉంటాయి, కళ్ళకి దిగవు. ఫోను ఎప్పుడూ చెవి దగ్గరే ఉంటుంది, పక్కకి దిగదు. ఆయన జీవితంలో చూసిందంతా వరీ, చెరుకూ. కుండీలో మొక్కంటే ఆయన దృష్టిలో పొలం లేనివాడి బెంగ.

"శాంపిలు తెచ్చారా?" అన్నారు ఫోను తియ్యకుండానే.

"తెచ్చామండి."

"పాత ఆకా, కొత్త ఆకా?"

"పాతదేనండి. కిందిది."

ఆయన ఆకుని ఎత్తి వెలుతురులో తిప్పారు. "పాత ఆకు ముందు పసుపెక్కిందంటే నత్రజని లోపం. గాలి నిండా ఉండేది నత్రజనే. కాని మొక్క దాన్ని గాల్లోంచి పీల్చుకోలేదు. మనమే వేళ్ళకి అందించాలి. అర్థమైందా?" అని మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయారు.

అర్థం కాకేం? గాలి నిండా ఉంది. మొక్క పీల్చుకోలేదు. మనం వేళ్ళకి అందించాలి. దార్లో సైకిలు షాపులో పంపు ఒకటి అరువు తెచ్చాం. గొట్టం కుండీలోకి గుచ్చాం. గవర్రాజు పంపు కొట్టాడు. మట్టి ఎగిరింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఎగిరింది. అత్త పక్కనే కూర్చుని "ఇంకొంచెం పట్టించరా, బిడ్డ పాలిపోయింది" అంటూ ఉత్సాహపరిచింది. సాయంత్రానికి కుండీలో కంటే అత్త నెత్తి మీద మట్టి ఎక్కువుంది. ఓ పూట ఆగితే ఆవిడ మీదే నారు పోసుకోవచ్చు.

మట్టి పడిన మొక్కకి మళ్ళీ స్నానం కావాలి కదా? మర్నాడు మళ్ళీ నలుగు, మళ్ళీ పసుపు, మళ్ళీ సాంబ్రాణి, మళ్ళీ పౌడరు. మళ్ళీ చూస్తే కింది ఆకులు నిన్నటికంటే పసుప్పచ్చగా ఉన్నాయి.

"నత్రజని సరిపోలేదు" అని నేను తీర్పు చెప్పాను. మళ్ళీ పంపు. మళ్ళీ డాక్టరు. మళ్ళీ ఓ ఆకు. వెళ్ళిన ప్రతిసారీ ఆయన "శాంపిలు తెచ్చారా?" అనేవారు. మేం ఎప్పుడూ ఖాళీ చేతుల్తో వెళ్ళలేదు. అలాంటి అలవాట్లు మాకు లేవు.

ఈలోగా మధ్య ఆకుల అంచులు నల్లగా మాడి, ముడుచుకుపోసాగాయి. సాంబ్రాణి ధూపం కూడా ఆగలేదు. నిప్పులకి దగ్గరగా పట్టుకుంటేనే పొగ బాగా పడుతుందని అత్త సిద్ధాంతం. ఆకు అంచు నిప్పుకి తగిలి చుర్రుమన్నప్పుడల్లా, "చూశావా, దిష్టి ఎలా పేలుతోందో!" అని మురిసిపోయేది.

మాడిన ఆకు పట్టుకుని పరిగెత్తాం.

"అంచులు మాడితే పొటాషు లోపం" అన్నారు డాక్టరుగారు. "పెద్ద ఖర్చేం లేదు. అరటితొక్కల్లో బోలెడుంటుంది. పండు మీరు తినండి, తొక్క దానికి పెట్టండి."

ఆయన చెప్పింది రెండు పనులు. రెండూ చెయ్యాలి. తొక్క పెట్టి పండు పారేస్తే వైద్యం సగమే అవుతుంది. గెల తెచ్చాం. పొద్దున అరటిపండు, మధ్యాహ్నం అరటిపండు, రాత్రి అరటిపండు. తొక్కలు కుండీకి. రోగం మొక్కది, పథ్యం మాది. అత్త పండు చిదిమి చప్పరించేది. మా ఆవిడ కళ్ళు మూసుకుని మింగేది. నాకు కలలో కూడా గెలలే. గవర్రాజు ఒక్కడే కష్టం తెలియకుండా తిన్నాడు, తర్వాత కష్టం పెరట్లో మరుగుదొడ్డికి తెలిసింది.

తొక్కలు మొక్క మెడ దాకా వచ్చాయి. చిన్న చిన్న ఈగలు ముసిరాయి. చంటిబిడ్డ మీద ఈగలు వాలకూడదని అత్త దోమతెర కట్టింది. ఈగలు తెర లోపల, మేం బయట. తెర పుణ్యమా అని అవి ఎక్కడికీ పోలేక అక్కడే స్థిరపడ్డాయి. ఇంట్లో ఖాళీ చెయ్యమనే భయం లేనివి అవొక్కటే.

ఆ తెరలోంచి చూసి మా ఆవిడ మూడో ప్రమాదం కనిపెట్టింది.

"ఏవండీ, ఆ లేతాకు చూడండి. ఆకంతా తెల్లగా పాలిపోయింది. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి."

నిజమే. ఆకు సున్నం కొట్టినట్టు తెల్లబడింది, పైకి తేలిన ఈనెలు మాత్రం పచ్చగా గీతలు గీసినట్టున్నాయి. పౌడరు డబ్బా పక్కనే ఉంది. అత్త మూత పెట్టి, ముక్కు మీద వేలేసుకుని, "రోజూ ఇంత ముస్తాబు చేస్తున్నా కళ రావట్లేదే!" అని వాపోయింది.

ఒక్కగానొక్క లేతాకు. తెంపడానికి చేతులు రాలేదు. దాని చివర మాత్రం కత్తిరించి తీసుకెళ్ళాం.

"కొత్త ఆకా?"

"కొత్తదేనండి."

"కొత్త ఆకు పాలిపోయి, ఈనెలు పచ్చగా నిలిస్తే అది ఇనుము లోపం. అనుమానం లేదు. వెంటనే ఇనుము పెట్టండి. కొత్త ఆకు రంగు తిరిగేదాకా ఆపకండి."

"ఏ ఇనుమండి?" అన్నాను.

ఆయన అప్పటికే ఫోన్లో ఎవరిదో చెరుకుతోట కాపాడుతున్నారు. "ఏదో ఒకటి! ముందు పెట్టండయ్యా!"

ఇంకేముంది! ముందు మేకులు గుచ్చాం. ఆకు తెల్లగానే ఉంది. అట్లకాడ గుచ్చాం. తెల్లగానే ఉంది. పెనం పాతాం. కత్తిపీట పాతాం. తాళంచెవులు పాతాం, తర్వాత తాళాలు కూడా పాతాం, ఎందుకంటే చెవులు లేని తాళాలు ఇంట్లో ఉండి ఏం లాభం? పొద్దున్నే అత్త లేతాకుకి పౌడరద్దేది. మేం లేచి చూసేవాళ్ళం. ఆకు తెల్లగా ఉండేది. మళ్ళీ ఇనుము.

మా ఇంట్లో ఇనుము అయిపోయింది. ఇంటికున్న ఇనుము మిగిలింది. గవర్రాజు తలుపుల గొళ్ళేలు ఊడదీశాడు. కిటికీ ఊచలు పీకాడు. కుండీ పక్కన నేల మీద పేర్చాం. కొత్త ఆకు రంగు తిరగలేదు. చివరికి నలుగురం కలిసి వీధి గేటు ఎత్తుకొచ్చి కుండీకి ఆనించాం. ఇల్లు నిలబెట్టుకోడానికి ఇల్లు పీకుతున్నామేమో అని నాకోసారి తట్టింది. కాని తట్టినదల్లా పైకి చెప్పే అధికారం మా ఇంట్లో ఇంటిపెద్దకి లేదు.

గేటు లేని ఇంట్లోకి ఎవరైనా రావచ్చు. వీధి చివరి గేదె వచ్చింది. తిన్నగా ముందుగదిలోకి వచ్చి, దోమతెర చింపుకుని, తొక్కలన్నీ తినేసి, ఈగల్ని తోడు తీసుకుని వెళ్ళిపోయింది. మొక్కకి పెట్టిన మందంతా గేదె పాలైంది. ఆ గేదెకి ఆ తర్వాత పొటాషు లోపం రాలేదని మాత్రం నేను రాసివ్వగలను.

డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాం. ఈసారి చేతిలో ఏం లేదు.

"శాంపిలేది?" అన్నారాయన.

"ఇంక తేవడం కుదరదండి. ఒక్క ఆకే మిగిలింది."

"మిగతావేవయ్యా?"

"మీ దగ్గరే ఉన్నాయండి."

మొదటిసారి ఆయన ఫోను కింద పెట్టారు. మొదటిసారి అద్దాలు కళ్ళకి దించారు. బల్ల మీద చూశారు. మేం తెచ్చిన ఆకులన్నీ ఒకదాని మీద ఒకటి, విస్తరి కుట్టుకోడానికి సరిపడా ఉన్నాయి. కాసేపు వాటిని చూశారు. కాసేపు మమ్మల్ని చూశారు.

"బాబూ" అన్నారు, గొంతు చాలా మెత్తగా అయిపోయింది. "ఇంక దాన్ని ముట్టుకోకండి. స్నానాలొద్దు, మందులొద్దు, ఏం వద్దు. మట్టి ఆరితే గ్లాసెడు నీళ్ళు పొయ్యండి. తర్వాత చూస్తూ ఊరుకోండి."

చూస్తూ ఊరుకోవడం రెండు పనులు. పంచుకున్నాం. నేనూ గవర్రాజూ చూశాం. అత్తా మంగతాయారూ ఊరుకున్నారు. మా ఆవిడ ఊరుకోవడం పెళ్ళయ్యాక అదే మొదలు. గ్యాసు బండవాడొచ్చి తలుపు కొట్టాడు, మేం మొక్కనే చూశాం. తలుపుకి గొళ్ళెం లేదు కాబట్టి వాడే లోపలికొచ్చి, మమ్మల్ని చూసి, ఎవరైనా పోయారేమోననుకుని, చెప్పులు బయట విడిచి కాసేపు కూర్చుని, మా అత్తకి ధైర్యం చెప్పి వెళ్ళాడు.

పసుపూ పౌడరూ నిప్పులూ ఆగిపోయాయి. మొక్క ఏమనుకుందో ఏమో, కొన్నాళ్ళకి ఆ ఒంటి ఆకు పక్కనుంచి సన్నటి కాడ ఒకటి లేచింది. దాని కొసన చుట్ట చుట్టినట్టు ఏదో ఉంది.

"కొత్త ఆకు!" అన్నాడు గవర్రాజు. అందరం సంతోషించాం.

ఓ పొద్దున ఆ చుట్ట విచ్చుకుంది. మా ఆవిడ ఊరుకోవడం మానేసి కేక పెట్టింది.

"ఏవండీ! ఆకు ఎర్రగా వచ్చిందండీ!"

చూద్దుము కదా, ఎరుపంటే మామూలు ఎరుపు కాదు. పెళ్ళికూతురి పారాణిలా ఉంది. పైగా మైనం పూసినట్టు మెరుపు. నడిమధ్యలో పసుప్పచ్చటి పుల్ల ఒకటి, వేలు చూపించి బెదిరిస్తున్నట్టు నిటారుగా లేచింది.

"ఓరి నాయనోయ్, రక్తం కక్కుతోందిరా!" అంది అత్త. "నాలిక కూడా బయటపెట్టేసింది!"

అదే సమయానికి ఫోను. రాజ్యలక్ష్మమ్మగారు. "మధ్యాహ్నం రైలుకి దిగుతున్నాను" అన్నారు. రైలు చప్పుడులో మిగతాది వినపడలేదు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు మూటగట్టడం మొదలెట్టింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. గవర్రాజు తన బట్టలు మడతపెట్టుకున్నాడు.

"ఒరే, ఇంకా మధ్యాహ్నం కాలేదు" అంది అత్త. "తెంపరా! డాక్టరు దగ్గరికి పద!"

"ముట్టుకోవద్దన్నాడు కదత్తా?"

"అది పాత జబ్బులకన్నాడు. ఇది వేరే జబ్బు."

తెంపేశాం. కాడతో సహా తెంపి, పళ్ళెంలో పెట్టుకుని, నలుగురం వెళ్ళాం. దారిలో జనం ఆగి చూశారు. కొందరు చేతులు కూడా జోడించారు.

డాక్టరుగారి అద్దాలు మళ్ళీ నెత్తి మీదకెక్కాయి. ఫోను చెవికెక్కింది. కొసని రెండు వేళ్ళతో పట్టుకుని చూశారు.

"కొత్త ఆకా?"

"కొత్తదేనండి. పుడుతూనే ఇలా పుట్టింది."

"ఎరుపెక్కితే భాస్వరం లోపం. అబ్బో, బాగా ముదిరిపోయింది. ఆకు బిరుసెక్కి మైనం పట్టేసింది చూడండి." నాలిక చప్పరించారు. ఆ పసుప్పచ్చ పుల్లతో కాస్త చెవి గోక్కున్నారు. "భాస్వరం లేని మొక్క చస్తే పువ్వు పుయ్యదు."

"పుయ్యదాండీ?" అంది మంగతాయారు.

"పువ్వు ఆశ వదిలేసుకోండమ్మా" అని, ఆ ఎర్రటిదాన్ని తిరిగి ఆవిడ చేతిలో పెట్టారు.

పువ్వు పుయ్యదని ఏడుస్తూ, చేతిలో దాంతోనే ముక్కు తుడుచుకుంటూ మా ఆవిడ. వెనకాల మేం. వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. రాజ్యలక్ష్మమ్మగారు గేటు ఉండాల్సిన చోట నిలబడి ఉన్నారు.

"గేటేదయ్యా?"

"కుండీకి పెట్టామండి."

"కిటికీ ఊచలు?"

"అవీ కుండీకేనండి. ఇంకా రంగు తిరగలేదు."

ఆవిడ ఏదో అనబోయి మా ఆవిడ చెయ్యి చూశారు. చేతిలో సంచీ జారిపోయింది.

"అయ్యో నా పువ్వు! ఎవరే తెంపింది?"

"పువ్వు కాదండి, జబ్బాకు" అన్నాను. "సమయానికి తెంపాం కాబట్టి సరిపోయింది. డాక్టరుగారు కూడా చూశారు. ఇంక పువ్వు పుయ్యదట, మీరు గుండె దిటవు చేసుకోండి."

"అదేరా పువ్వు! ఆంథూరియం పువ్వు అలాగే ఉంటుంది! ఆకులాగే ఉంటుంది, ఎర్రగా ఉంటుంది! అదే పువ్వు!"

ముందుగా తేరుకుంది అత్తే.

"అయితే పూసిందన్నమాట" అంది. "ఇల్లు మాదే."

"కుండీలో ఉండాలన్నాను!" అని అరిచారావిడ.

మంగతాయారు ఒక్క పరుగున లోపలికెళ్ళి, పువ్వుని కుండీలో అట్లకాడకీ కత్తిపీటకీ మధ్య గుచ్చి, "ఉందండీ!" అని కేకేసింది. అది పక్కకి వాలిపోయింది. దాని మీద చెవి గోకిన గుర్తు కూడా ఉంది.

రాజ్యలక్ష్మమ్మగారు కుండీ ముందు చతికిలబడ్డారు. మిగిలిన ఒంటి ఆకుని కొంగుతో తుడిచారు. కొంగుకి తెల్లగా అంటింది. కింద పచ్చటి ఆకు, నిక్షేపంలా. కొంగు వాసన చూశారు.

"పౌడరు!" అన్నారు. "దీనికి జబ్బెక్కడిది? ఇది పౌడరు!"

"చూశారా, మీ చెయ్యి పడగానే ఎలా తేరుకుందో!" అంది అత్త మెచ్చుకోలుగా. "కన్నతల్లి చెయ్యే వేరు."

అంతే. ఆవిడ కుండీలోంచి ఇనుమంతా పీకి విసిరారు. కుండీ ఎత్తుకున్నారు. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగారు.

"ఇంక ఈ జన్మలో మీ మొహాలు నాకు చూపించకండి!"

వెళ్ళి తలుపేసుకున్నారు. నలుగురం ఆ మాట మీద చాలాసేపు కూర్చున్నాం. ఖాళీ చెయ్యమందా? అనలేదు. వెళ్ళిపొమ్మందా? అనలేదు. మొహాలు చూపించొద్దంది. ఇంత తేలికైన ఆజ్ఞ మా వంశంలో ఎవరికీ రాలేదు. గవర్రాజు లేచి దిండు గలీబులు నాలుగు తెచ్చాడు. తలలకి తొడుక్కున్నాం. మా ఆవిడ గలీబులోంచే గిన్నెలు మళ్ళీ పీట మీదికెక్కించింది.

మర్నాడు ఆవిడ కిందికి దిగి మమ్మల్ని చూసి గోడ పట్టుకుని కూర్చుండిపోయారు. నవ్వారో, ఏడ్చారో, గలీబులోంచి తెలియలేదు. ఆ తర్వాత వాళ్ళ తమ్ముడి కొడుకు మంచాలేసుకుని వచ్చాడు. గేటు లేదు. కిటికీకి ఊచలు లేవు. వరండాలో గేదె పడుకుని ఉంది. లోపల తలలు లేనట్టు నలుగురు కూర్చుని "రండి బాబూ" అన్నారు. అతను మంచాలు దింపకుండానే బండి తిప్పించేశాడు. మళ్ళీ ఇటు రాలేదు.

కాబట్టి ఇల్లు నిలిచింది. మంగతాయారు నిలిచింది. కాని పువ్వుంటేనే ఉంటారన్న మాట అలాగే ఉంది కదా? దాన్ని ఆవిడ వెనక్కి తీసుకోలేదు. మేడ మీద కుండీలో ఆకులు బాగానే వచ్చాయి గాని పువ్వు లేదు. మాకు నిద్రపట్టేది కాదు. చివరికి గవర్రాజే దారి చూపించాడు.

"బావా, ఆవిడే చెప్పింది కదా? ఆకులాగే ఉంటుంది, ఎర్రగా ఉంటుంది, అదే పువ్వు అని. ఆకు ఎలాగూ ఉంది."

ఇంకేముంది! మొన్న పొద్దున ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు, గలీబులు తొడుక్కుని, మెట్లు తడుముకుంటూ నలుగురం మేడెక్కాం. అన్నిటికంటే కొత్త ఆకు చూసి, ఆముదం రాసి, పైన కుంకుమ దట్టంగా పట్టించాం. అత్త దగ్గరుండి పట్టించింది. ఎరుపంటే ఎరుపు. చప్పుడు చెయ్యకుండా దిగొచ్చేశాం. ఆవిడ చూసుకుని మురిసిపోతారు, మాకోసం కేకేస్తారు అని గుమ్మంలో కూర్చున్నాం.

కేకైతే వినిపించింది. ఆ వెనకే మెట్ల మీద అడుగుల చప్పుడు. గలీబుకి నేను చేసుకున్న చిల్లులోంచి చూద్దును కదా, రాజ్యలక్ష్మమ్మగారు ఆ ఎర్రటిదాన్ని తెంపి, అరిటాకులో చుట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా, స్టేషను రోడ్డులో మొక్కల డాక్టరు కొట్టు వైపు పరిగెడుతున్నారు.

"పాపం" అంది అచ్చియ్యమ్మత్త గలీబులోంచి. "ఇన్నేళ్ళు పెంచింది గాని, ఆవిడకి పువ్వేదో ఆకేదో తెలీదురా."